చెంచాల హిసాబ్ ఉంది, పేర్ల హిసాబ్ ఏది?

ఎవరైనా తప్పుల ఇంగ్లీష్ మాట్లాడితే మన దగ్గర ఒక మాట అనేస్తారు: ‘బట్లర్ ఇంగ్లీష్’. ఉర్దూ మీడియంలో టెన్త్ దాకా చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, పత్రికల్లోకి వచ్చిపడ్డ నాలాంటివాడికి ఈ మాట కొత్త కాదు. మొదట్లో గుస్సా వచ్చేది. పోనుపోను ఆ మాట మీదే దిల్‌చస్పీ పుట్టింది. ఇంతకీ ఈ బట్లర్ ఎవరు? ఆయన ఇంగ్లీష్‌ను చూసి ఇంతకాలంగా నవ్వుతున్నాం సరే, ఆయన పేరేమిటో ఎప్పుడైనా అడిగామా?

1886లో హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్లు ‘హాబ్సన్-జాబ్సన్’ అని ఒక డిక్షనరీ అచ్చేశారు. హిందుస్తాన్‌లో తెల్లవాళ్ల నోళ్లలో నానే దేశీ మాటలన్నీ అందులో పోగేశారు. మద్రాస్, బొంబాయి ప్రెసిడెన్సీల్లో దొరల ఇంటి పెద్ద నౌకర్‌ను ‘బట్లర్’ అంటారని అందులో ఉంది. మద్రాసు నౌకర్లు మాట్లాడే విరిగిన ఇంగ్లీషే ‘బట్లర్ ఇంగ్లీష్’ అని కూడా ఉంది. కలకత్తా వైపు అదే పనివాణ్ణి ఖాన్సామా అనేవాళ్లు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాస్ ప్రెసిడెన్సీలోనివే కాబట్టి బట్లర్ తెలుగులోకి నేరుగా నడిచొచ్చేశాడు. 1891లో హ్యూగో షుకార్ట్ అనే భాషాశాస్త్రవేత్త ఈ మాటల తీరు మీద పరిశోధనే చేశాడు. నవ్వేవాళ్లకు అది తప్పుల కుప్పలా వినిపించింది, ఆయనకు దానిదైన ఒక పద్ధతి కనిపించింది. దొరకు తెలుగో తమిళమో నేర్చుకోవాల్సిన జరూరత్ లేదు. నౌకర్‌కు ఇంగ్లీష్ రాకపోతే రోటీ లేదు. ఆ రెండింటి నడుమ పుట్టిన భాష అది.

అసలు బట్లర్ అనే మాట పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. సీసాకు సంబంధించిన మాట. అంటే షరాబ్ సీసాల కాపలాదారు. మన వైపు చూస్తే మొఘల్ దర్బారుల్లో ఆబ్దార్ ఉండేవాడు. ఆబ్ అంటే నీళ్లు. అక్బర్ కాలపు ‘ఆయినె అక్బరీ’లో ఆబ్దార్‌ఖానా గురించి వేరుగా రాశారు. గంగ నీళ్లు తెప్పించడం, సురేకారంతో, అంటే మన షోరాతో, వాటిని చల్లబరచడం, అన్నీ అందులో ఉన్నాయి. సీసా దగ్గర నిలబడ్డవాడు అక్కడ, సురాహీ దగ్గర నిలబడ్డవాడు ఇక్కడ. ఇద్దరి కామ్ ఒకటే: మాలిక్ గొంతులోకి దిగేదానికి జిమ్మేదారీ తీసుకోవడం.

సరే, ఆ అసలు బట్లర్ ఇంటికి వెళ్దాం. ఇంగ్లండ్‌లో ఊళ్లకు దూరంగా, వందల ఎకరాల నడుమ లార్డుల హవేలీలు ఉంటాయి. వాళ్లు కంట్రీ హౌస్ అంటారు. ఇప్పుడు చాలా ఇళ్లు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి, టికెట్ కొని చూడొచ్చు. వాటిలో మహఫిల్ జరిగే హాళ్లూ, షాండిలియర్లూ అందరూ చూస్తారు. నాకు చెప్పాలనిపించింది ఒక చిన్న గది గురించి. దాని పేరు బట్లర్స్ పాంట్రీ.

పాంట్రీ అంటే వంటిల్లు కాదు. వంట వాసన దొరలకు తగలకూడదని బావర్చీఖానాను దూరంగా కట్టేవాళ్లు. పాంట్రీ మాత్రం భోజనాల గదికి దగ్గరలో ఉండేది. చాలా ఇళ్లలో దాని కిటికీ బయటి దారి వైపు తెరుచుకునేది, బగ్గీలో మెహమాన్ దిగేలోపు బట్లర్ తలుపు దగ్గరికి చేరాలి కదా. లోపల అద్దాల బీరువాలు, బల్ల, గోడకు తొట్టి. ఆ తొట్టి రాతిది కాదు. చెక్కతో చేసిందో, సీసం రేకు తొడిగిందో ఉండేది. రాతికి తగిలితే గాజు గ్లాసు పగులుతుంది, మెత్తటి సీసానికి తగిలితే పగలదు. గ్లాసు మీద అంత ఫికర్.

ఆ గదికి అసలు జాన్ చాందీ. వెండి పళ్లేలు, చెంచాలు, కొవ్వొత్తుల స్టాండ్లు. వాటి కోసం ఇనుప తలుపున్న ఒక అర. చాబీ బట్లర్ దగ్గర. ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో రాసిన పట్టీ ఒకటి. దావత్ అయిపోయాక వెండినంతా కడిగి, తుడిచి, లెక్కపెట్టి లోపల పెట్టాలి. లెక్క తప్పితే నౌకరీకే ఎసరు. లెక్క సరిపోయినా నిద్ర వేరేచోట లేదు. ఎన్నో ఇళ్లలో బట్లరో, కింది బట్లరో, ఒక ఫుట్‌మనో ఆ పాంట్రీలోనే, వెండి అర తలుపుకు అడ్డంగా పడుకునేవాడు. పగలు గోడ బీరువాలా కనిపించేది రాత్రి తెరిస్తే మంచం అయ్యేది. దొంగ వస్తే ముందు మనిషిని దాటాలి, తర్వాతే తాళం.

వెండి తోమడం ఎలాగో వింటే మీ వేళ్లు మండుతాయి. రూజ్ అనే మెత్తటి ఎర్ర పొడి ఉండేది, ఇనుము తుప్పు జాతిదే. దాన్ని అమోనియాలో కలిపి ముద్ద చేసి, బట్టతో కాదు, ఒట్టి బొటనవేలితో, అరచేత్తో వెండి మీద రుద్దాలి. గీతలు పోయి అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. కొత్త కుర్రాడికి వేళ్లు బొబ్బలెక్కి పగిలేవి. పగిలినా ఆపకూడదు. కొన్ని నెలలకు చర్మం మొద్దుబారి గట్టిపడేది. అలాంటి చేతులకు ఆ పనివాళ్లలో ఒక ప్రత్యేకమైన పేరే ఉండేది, వెండి చేతులు అన్నట్టు. ఇవాళ మ్యూజియంలో ఆ వెండి మెరుస్తూ ఉంటుంది. మెరిపించిన చర్మం జాడ ఏ అద్దాల పెట్టెలోనూ ఉండదు.

చాకులదీ ఇలాంటి ముసీబతే. షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ 1913లో తుప్పు పట్టని స్టీల్ తయారుచేసేదాకా, ప్రతి భోజనం తర్వాత చాకులన్నీ పొడి వేసి రుద్దాల్సిందే, లేకపోతే నల్లబడతాయి. పెద్ద దావత్ అంటే వందకు పైగా చాకులు. ఆ పని ఇంట్లో అందరికంటే చిన్న పిల్లవాడిది.

ఇక పేర్ల సంగతి. కింది నౌకర్లు బట్లర్‌ను ‘మిస్టర్’ అని పిలవాలి. దొర మాత్రం మిస్టర్ లేకుండా ఇంటిపేరుతో పిలుస్తాడు. ఫుట్‌మన్‌కైతే అదీ లేదు. వాడి తల్లిదండ్రులు ఏ పేరు పెట్టినా, ఎన్నో ఇళ్లలో ఫుట్‌మన్ అంటే జేమ్సో, జానో. ముందున్నవాడు వెళ్లిపోతే తర్వాత వచ్చినవాడికి అదే పేరు, చాలాసార్లు అదే యూనిఫామ్. పిలిచేవాళ్లకు కొత్త పేరు నేర్చుకునే తక్లీఫ్ ఎందుకని. పొడుగ్గా ఉన్నవాడికి తన్‌ఖా ఎక్కువ దొరికేది, ఎందుకంటే వాడు కూడా మెహమాన్లకు చూపించే సామానే.

ఇది మాట వరసకు అంటున్నది కాదు, సర్కారు కాగితాల్లోనూ అలాగే ఉండేది. అమెరికాతో జంగ్ ఖర్చులకు డబ్బు కావాల్సివచ్చి 1777లో ప్రధాని లార్డ్ నార్త్ మగ నౌకర్ల మీద పన్ను వేశాడు. తల ఒక్కింటికి ఏడాదికి ఒక గిన్నీ. ఆ పన్ను రకరకాలుగా మారుతూ 1937 దాకా బతికింది. అంటే మగ నౌకర్‌ను పెట్టుకోవడం బగ్గీ పెట్టుకున్నట్టు ఒక షాన్. పన్ను కట్టగలిగినవాడే పెట్టుకుంటాడు. ఆడవాళ్లు చవక. అందుకే 1891 లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు పది లక్షలు దాటారు, మగవాళ్లు అందులో చిన్న వంతు. ఆ ఆడవాళ్లలో ఎక్కువమంది లార్డుల హవేలీల్లో లేరు. మామూలు ఇళ్లలో ఒంటరిగా, తెల్లారుజామున పొయ్యి రాజేయడం నుంచి రాత్రి గిన్నెలు కడగడం దాకా అంతా ఒక్కతే చేసేది. 1861లో వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ పుస్తకంలో తన్‌ఖాల పట్టీ ఉంది. బట్లర్‌కు ఏడాదికి 25 నుంచి 50 పౌండ్లు. గిన్నెలు కడిగే పిల్లకు 5 నుంచి 9. నెలకు కాదు, ఏడాదికే.

అలాంటి ఇళ్లు ఎలా కట్టాలో చెబుతూ 1864లో రాబర్ట్ కెర్ అనే ఆర్కిటెక్ట్ పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఆయనకు అన్నిటికంటే ముఖ్యమైన ఉసూల్ ఏమిటంటే, మాలిక్ ఖాందాన్‌కూ నౌకర్లకూ నడుమ చూపూ సద్దూ దాటకూడదు. అందుకే వెనక మెట్లు, చీకటి వరండాలు, శబ్దం రాకుండా ఆకుపచ్చ ఉన్ని గుడ్డ కొట్టిన తలుపులు. గది నుంచి తీగ లాగితే కింద గంట మోగుతుంది. గంటలు రాకముందు పిలుపు అందేంత దూరంలో నౌకర్ నిలబడే ఉండాల్సి వచ్చేది. గంట వచ్చాక మనిషిని కంటికి కనపడనంత దూరం పంపేశారు. సహూలత్ ఇద్దరికీ అంటారు, కానీ గంట లాగే తాడు ఒకరి చేతిలోనే ఉంది.

ఇంత లెక్కలు రాసిన ఇళ్లు మనుషుల్ని గుర్తుపెట్టుకున్నాయా అంటే, చాలావరకు లేదు. ఒక ఇల్లు మాత్రం వేరు. వేల్స్‌లో రెక్సమ్ దగ్గర ఎర్డిగ్. యార్క్ ఖాందాన్ ఇల్లు. 1790లలో ఆ ఇంటి మాలిక్ ఫిలిప్ యార్క్ తన నౌకర్ల తస్వీర్లు గీయించాడు. వడ్రంగి, పనిమనిషి, ఇలా ఒక్కొక్కరినీ విడిగా, పేరుతో. వాటి మీద వాళ్ల గురించి తనే షాయరీ లాంటిది రాసి పెట్టాడు. కొడుకులూ మనవళ్లూ ఆ రివాజ్ కొనసాగించారు. 1852 నాటికి కెమెరా వచ్చింది, నౌకర్లందరినీ తమ తమ పనిముట్లతో నిలబెట్టి ఫొటో తీయించారు. ఆ గోడ మీద గుర్రపుబండి దగ్గర పనిచేసే ఒక నల్ల కుర్రాడి బొమ్మ కూడా ఉంది, ఇంకా పాతది. వంశంలో ఆఖరి వారసుడు 1973లో ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చేశాడు. అప్పటికి కింద బొగ్గు గని తవ్వి తవ్వి ఇల్లే కుంగిపోతోంది. ట్రస్ట్ వాళ్లు బాగుచేసి 1977లో జనానికి తెరిచారు. తెరిచినప్పుడు ఒక మంచి పని చేశారు. చూడటానికి వచ్చినవాళ్లను ముందు ద్వారం నుంచి కాకుండా పనివాళ్ల వాడ వైపు నుంచి లోపలికి పంపారు. ముందు వడ్రంగి కొట్టం, వంటిల్లు, తర్వాత దొరల గదులు.

యార్క్‌లు మంచివాళ్లని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. తన్‌ఖా ఇవ్వాల్సినచోట తస్వీర్ ఇస్తే కడుపు నిండదు. ఆ పద్యాల్లో మాట మాలిక్‌దే, నౌకర్‌ది కాదు. అయినా పేరు మిగిలింది. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ పనిమనిషి వారసులు ఆ గోడ ముందు నిలబడి ‘ఈమె మా మనిషి’ అనగలరు.

నౌకర్ బిడ్డ తనే కలం పట్టిన కేసు ఒకటుంది. ససెక్స్‌లో అప్‌పార్క్ అనే హవేలీ. అక్కడ 1880 నుంచి 1893 దాకా హౌస్‌కీపర్‌గా, అంటే ఆడ నౌకర్లందరి మీదా పెద్దగా, సారా వెల్స్ పనిచేసింది. ఆమె కొడుకే హెచ్.జి. వెల్స్. కుర్రాడిగా ఆ ఇంటికి వస్తూపోతూ ఉండేవాడు. అప్‌పార్క్‌లో పనివాళ్ల భవనాలకూ ఇంటికీ నడుమ భూమి కింద సొరంగాలు ఉన్నాయి. 1895లో వెల్స్ ‘ది టైమ్ మెషిన్’ రాశాడు. అందులో పైన వెలుగులో హాయిగా తిరిగే ఒక జాతి, కింద చీకట్లో యంత్రాలు తిప్పే ఇంకో జాతి. ఆ చీకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో అని చాలామంది విమర్శకులు అప్‌పార్క్ సొరంగాల వైపు చూపిస్తారు. 1909లో ‘టోనో-బంగే’ నవలలో ఆయన దాపరికమే పెట్టుకోలేదు. కథ చెప్పేవాడే ఒక హవేలీ హౌస్‌కీపర్ కొడుకు. అమ్మ చేసిన ఖిద్మత్‌ను దాచుకోకుండా దాని మీద నిలబడే రాశాడు.

ఇప్పుడు మన వాడి దగ్గరికి వద్దాం. అబ్దుల్ కరీం. విక్టోరియా రాణి గోల్డెన్ జూబిలీ ఏడాది 1887 జూన్‌లో, ఆగ్రా నుంచి మొహమ్మద్ బక్ష్‌తో కలిసి ఇంగ్లండ్ చేరాడు. ఇద్దరి పనీ ఒకటే: భోజనాల బల్ల దగ్గర రాణికి వడ్డించే ఖిద్మత్‌గార్లు. కరీం ఆగ్రా జైల్లో క్లర్కు, కాగితం కలం తెలిసినవాడు. పళ్లెం పట్టుకోవడం తన మర్తబాకు తగదని రాణితో చెప్పుకున్నాడు. రాణి అతని దగ్గర ఉర్దూ నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆమె రాసుకున్న పాఠాల పుస్తకాలు 13 ఇప్పటికీ ఉన్నాయి. 1888లో అతణ్ణి మున్షీని చేసింది. ఆ వెంటనే ఇంకో పని కూడా జరిగింది. అతను బల్ల దగ్గర వడ్డిస్తూ ఉన్న ఫొటోలన్నీ నాశనం చేయించారు.

ఆ మాట చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. మున్షీ తస్వీర్ ఉండాలి, ఖిద్మత్‌గార్ తస్వీర్ ఉండకూడదు. మనిషి ఒకడే, చేతులు అవే.

కథ అక్కడ ఆగలేదు. తన తండ్రి పెద్ద సర్జన్ అని కరీం చెప్పుకున్నాడు. రాణి దర్బార్‌లోని ఫ్రెడరిక్ పాన్సన్‌బీ ఆగ్రా వెళ్లి ఆరా తీసి, ఆయన జైల్లో మందులిచ్చే ఉద్యోగి మాత్రమేనని తేల్చాడు. నాకు ఈ కథలో రాణి జవాబు నచ్చుతుంది. కసాయి కొడుకూ, కిరాణా వ్యాపారి కొడుకూ ఆర్చిబిషప్‌లు కావడం తాను చూశానని, పుట్టుక ఎత్తి ఆ మంచి మనిషిని తక్కువ చేయడం ఘోరమని ఆమె మండిపడింది. అతని తండ్రి గురించి రాణి సిగ్గుపడలేదు, అతనే పడ్డాడు. అతన్నీ అనలేం. చుట్టూ ఉన్న తెల్ల దర్బారీలు పూట పూటా అతని మర్తబా కొలుస్తూ ఉంటే ఒక మెట్టు పెంచి చెప్పుకోకుండా ఎలా బతుకుతాడు? 1901 జనవరిలో రాణి పోయింది. కొత్త రాజు ఎడ్వర్డ్ హుకుం మీద కరీం దగ్గరున్న ఆమె ఉత్తరాలు తగలబెట్టి, అతణ్ణి ఆగ్రాకు పంపేశారు. 1909లో అక్కడే కన్నుమూశాడు. ముందు ఖిద్మత్‌గార్ కాలిపోయాడు, తర్వాత మున్షీ కూడా. మొహమ్మద్ బక్ష్ సంగతి అడిగేవాళ్లే తక్కువ. ఆయన మున్షీ కాలేదు, పళ్లెం పట్టుకునే ఉండిపోయాడు. అందుకే సినిమా కూడా అబ్దుల్ మీదే వచ్చింది.

వీళ్లిద్దరికైనా పేర్లున్నాయి. దొరసానుల పిల్లల్ని ఎత్తుకుని ఓడల్లో సముద్రం దాటిన ఆయాలకు అదీ దక్కలేదు. ఓడ పట్టీల్లో చాలాసార్లు ‘ఫలానా దొరసాని, ఆమె ఆయా’ అని రాసేవాళ్లు. లండన్ చేరాక కొందరిని తిరుగు టికెట్ లేకుండా వదిలేశారు. అలాంటివాళ్ల కోసం లండన్‌లో ఆయాల హోమ్ అని ఒకటి నడిచింది. 1900లో అది హాక్నీకి మారింది. ఆ ఇంటి గోడకు నీలి ఫలకం తగిలించింది 2022లో.

ఇక మన షహర్. ఫలక్‌నుమా ప్యాలెస్ పాయిగా నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా యూరప్ హవేలీల మోజుతో 1884లో మొదలుపెట్టి కట్టించింది. అక్కడి భోజనాల బల్ల దగ్గర ఒకేసారి 101 మంది కూర్చోవచ్చని గైడ్లు గర్వంగా చెబుతారు. ఆ 101 మంది వెనక నిలబడ్డవాళ్లు ఎందరని నేనెవరినీ అడగగా వినలేదు. 1967లో ఏడో నిజాం పోయినప్పుడు ముకర్రం జా చేతికి వచ్చిన నౌకర్లు, ఆశ్రితులు మొత్తం 14,718 మంది అని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. ఒక్క షాండిలియర్ల దుమ్ము దులపడానికే 38 మందట. లెక్క ఎంత పక్కాగా ఉందో చూడండి. ఇక్కడా చెంచాల పట్టీ లాగే అంకె మిగిలింది.

ఈ 14,718 మంది ఖాందాన్లు ఎక్కడికి పోయాయి దోస్తో? ఆస్మాన్‌లోకి పోలేదు కదా. వాళ్ల పోతాపోతీలు మనమే. కానీ మన ఇళ్లలో రిష్తా మాటలు మొదలైతే చూడండి. అబ్బాయి వైపు పర్‌దాదా జాగీర్దార్. అమ్మాయి వైపు పర్‌నానా నిజాం సర్కార్‌లో పెద్ద ఓహదేదార్. 1949లో జాగీర్లు రద్దయ్యాయి కాబట్టి ఇప్పుడు కాగితం చూపించమని ఎవరూ అడగరు. అందరి దాదాలూ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నవాళ్లే అయితే, మరి వడ్డించిందెవరు? డేగలు ఎత్తిందెవరు? మషాల్చీ ఎవరు, భిశ్తీ ఎవరు, బేగంల పిల్లలకు పాలిచ్చి పెంచిన అన్నా ఎవరు?

మనం కరీం చేసిన పనే చేస్తున్నాం, ఫొటోలు తగలబెట్టకుండా నోటితో. షజ్రాలోంచి ఒక ఖాన్సామాను తీసేసి, అక్కడ ఒక నవాబును రాసుకుంటున్నాం. దానివల్ల నవాబుల సంఖ్య పెరిగింది తప్ప మన ఇజ్జత్ పెరగలేదు. పోయింది మాత్రం చిన్నది కాదు. వేరే వాళ్ల చాందీ పక్కన రాత్రంతా పడుకుని, తెల్లారి ఒక్క చెంచా తగ్గకుండా అప్పగించిన మనిషికి మన జుబాన్‌లో ఒక మాట ఉంది: అమానత్‌దార్. ఆ మాటకు తగినవాణ్ణి పర్‌దాదాగా చెప్పుకోవడానికి మనకు షర్మ్ ఎందుకు?

ఒక్కటి మాత్రం తేడా రానివ్వకూడదు. ఆ మనిషిని గౌరవించడం వేరు, ఆ పద్ధతిని పొగడటం వేరు. ‘పాత రోజుల్లో నౌకర్లు ఎంత వఫాదారులో’ అని నిట్టూర్చేవాళ్లను చూస్తే నాకు ఏడాదికి 5 పౌండ్ల గిన్నెల పిల్ల గుర్తొస్తుంది. ఇప్పటి విల్లాల బ్రోషర్లలో బాత్‌రూమంత పనిమనిషి గది, పనివాళ్లకు వేరే లిఫ్ట్ చూస్తే కెర్ గారి వెనక మెట్లు గుర్తొస్తాయి. ఆ లిఫ్ట్‌లో వచ్చే ఆమెను పూర్తి పేరుతో పిలిచే ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయో ఎవరికి వారే చూసుకోవాలి.

మీ ఇంట్లో ఎనభై దాటిన బుజుర్గ్ ఉంటే ఈ జుమ్మా నాడు పక్కన కూర్చోండి. వాళ్ల అబ్బా ఏ దేవిడీలో, ఏ బంగళాలో, ఏ క్లబ్బులో చేశారో అడగండి. ఏ పని, తన్‌ఖా ఎంత, మాలిక్ ఏమని పిలిచేవాడు, అసలు పేరేమిటి. అమ్మమ్మల్ని, నానమ్మల్ని మరీ అడగండి, వాళ్ల అమ్మల పేర్లే ముందు పోతాయి. చెప్పింది చెప్పినట్టు ఉర్దూలోనో తెలుగులోనో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. తప్పులున్నా పర్వాలేదు, బట్లర్ ఇంగ్లీష్‌లో రాసినా పర్వాలేదు. పేరు మాత్రం పూర్తిగా రాయండి.